తీగలేని దానికి ఏ మూల?

గుడివాడలో నాగభూషణరావుగారు కట్టించుకున్న ఇంటికి తలుపులు పదహారు, కిటికీలు ఇరవై రెండు, సందేహాలు మాత్రం ఒక్కటీ లేవు. ఉన్న సందేహాలన్నీ పునాది తవ్వకముందే సిద్ధాంతి శేషగిరిరావుగారు తీర్చేశారు. మంచం తల ఎటు, మెట్లు ఎటు తిరగాలి, బియ్యం డబ్బా ఏ గోడకి, చెప్పులు ఏ గోడకి, అన్నీ ఆయన నోట్లోంచి ఊడిపడినవే. ఆ ఇంటికి ఇంజనీరు కూడా ఒకడు ఉండేవాడట. సిద్ధాంతిగారు ఎటు చూపిస్తే అటు గోడ లేపడం అతని పని.

అంత పద్ధతిగా కట్టిన ఇంట్లో పాట ఒక్కటి నిలబడటం లేదు.

అది రెండువేల ఎనిమిది ఎండాకాలం. రావుగారి మేనల్లుడు గిరీష్ బెంగుళూరు నుంచి వస్తూ అత్తయ్యకి ఒక పాటల పెట్టె తెచ్చాడు. దానికి క్యాసెట్టు అక్కర్లేదు, సీడీ అక్కర్లేదు. నెట్టులో ఎక్కడో మోగే రేడియోల్నీ, ఇంట్లో కంప్యూటర్లో దాచిన పాటల్నీ గాల్లోంచి పట్టుకుని పాడుతుంది. గాల్లోకి వదిలే పెట్టె ఇంకొకటుంది. ఫోను తీగలోంచి నెట్టు తీసుకుని వదులుతూ ఉంటుంది, మోడెం అంటారు. ఒకటి వదలాలి, ఇంకొకటి పట్టుకోవాలి. అంతే సంగతి. గిరీష్ రెండూ హాల్లోనే పెట్టి, రెండు రోజులు పాడించి, సెలవు అయిపోయి వెళ్ళిపోయాడు.

మూడోరోజు సిద్ధాంతిగారు కాఫీకి వచ్చారు.

"ఏవిటీ లైట్లు వెలిగే పెట్టె?" అన్నారు.

"మోడెం అండీ," అన్నారు రావుగారు, ఆ మాట నేర్చుకుని మూడు రోజులైన గర్వంతో.

"కరెంటుదేనా?"

"కరెంటుదేనండీ."

"కరెంటు అంటే అగ్ని. అగ్నిని తెచ్చి ఉత్తరం గోడకి ఆనించారా? ఎవరు చెప్పారు మీకు?"

చెప్పినవాడు బెంగుళూరు రైలు ఎక్కేశాడు గనక బతికిపోయాడు. సాయంత్రం దీపాలు పెట్టేవేళకి మోడెం ఆగ్నేయానికి, అంటే వంటింట్లోకి, చేరిపోయింది. ఒకపక్క స్టీలు గిన్నెల స్టాండు, ఒకపక్క ఫ్రిజ్జు, కింద మైక్రోవేవ్ ఓవెను. పాటల పెట్టె భక్తిపాటలు కూడా పాడుతుంది గనక దానికి ఈశాన్యం, అంటే హాల్లో తూర్పు చివర. రెండింటికీ నడుమ పూజగది. ఆ గది తలుపుకి కింది నుంచి పైదాకా ఇత్తడి రేకు తాపడం చేయించారు. దేవుడైనా ఆ రేకు దాటి బయటికి రావాలంటే మొహమాటపడాలి.

ఇక అక్కణ్ణించి పాటకి కష్టకాలం మొదలైంది. పల్లవి బాగానే అందుకునేది. చరణం దగ్గరికొచ్చేసరికి గొంతులో వెలక్కాయ పడ్డట్టు ఆగిపోయేది. రావుగారి భార్య సుభాషిణిగారు ఓవెన్లో ఇడ్లీలు వేడి చేశారంటే ఆ కాస్త పల్లవి కూడా ఉండేది కాదు. ఆవిడకి పొద్దున్న లేచిన దగ్గర్నుంచి చెవిలో పాట ఉండాలి. ఉన్న టేపురికార్డరునేమో, కొత్తది వచ్చిందిగదా అని రావుగారు పాత సామాన్లవాడికి ఇచ్చేశారు.

బాగుచేయడానికి ముగ్గురు వచ్చారు. గుడివాడ కంప్యూటరు షాపాయన మోడెంకి పొడుగుపాటి కొమ్ము ఒకటి, అంటే యాంటెన్నా, బిగించి వెళ్ళాడు. ఇంకొకాయన ఆ కొమ్ము తీసేసి బూస్టరు అనేదాన్ని పక్కన పెట్టి వెళ్ళాడు. మూడోవాడు బంటుమిల్లి వెంకటాద్రి. రొయ్యల చెరువుల మోటార్ల నుంచి కంప్యూటర్ల దాకా ఏదైనా విప్పుతాడు. అతను వంటింట్లోకి తొంగిచూసి, "దీన్నిక్కడ ఎవడు పెట్టాడండీ బాబూ! బుర్ర ఉన్నవాడు పెట్టే చోటేనా ఇది?" అన్నాడు. బుర్ర ఉన్నవారు హాల్లో కూర్చుని మజ్జిగ తాగుతున్నారు. వెంకటాద్రికి మజ్జిగ కాదు గదా, మంచినీళ్ళు కూడా పుట్టలేదు.

అప్పుడు రావుగారికి ధనరాజు గుర్తొచ్చాడు.

రావుగారికి బందరు దగ్గర గిలకలదిండిలో ఐసు ఫ్యాక్టరీ ఉంది. ఆ ఆవరణలో ఆగ్నేయం మూల గదిలో ధనరాజు పడవల వైర్‌లెస్ సెట్లు బాగుచేస్తాడు. వయసు అరవై దాటింది, చెవి మీద ఎప్పుడూ ఒక పొగాకు చుట్ట ఉంటుంది. సముద్రం మీద ఉప్పుగాలి తిని మూగపోయిన సెట్టుని కూడా మాట్లాడిస్తాడు గానీ, తను మాట్లాడడు. రోజుకి నాలుగు మాటలు దాటితే ఒళ్ళు వెచ్చబడిందేమోనని భార్య అంకమ్మ నుదురు పట్టుకుని చూస్తుంది.

ఆ గది కిటికీ మొగకి ఎదురుగా ఉంటుంది. ఏరు సముద్రంలో కలిసే చోటుని మొగ అంటారు. కిటికీ పైన కొమ్ము, లోపల సెట్టు. ధనరాజు కొడుకు దుర్గాశ్రీనివాస్ బోటు డ్రైవరు. వేటకి వెళ్తే వారం, పదిరోజులు. రోజూ సాయంత్రం ఐదింటికి బోటు మీంచి తండ్రిని పిలుస్తాడు. ఆ వేళకి అంకమ్మ చేపల వేలంపాట దగ్గర్నుంచి ఖాళీ తట్టతో వచ్చి గడప మీద కూర్చుంటుంది. "నాన్నా, బాగున్నాం," అంటాడు వాడు. "ఊఁ," అంటాడు ధనరాజు. అంతే. ఆ రెండు ముక్కల కోసమే ఆ ఇంట్లో రోజు గడుస్తుంది. ఒకసారి వాయుగుండంలో మూడు రోజులు పలుకు లేకుండా పోతే, వాడి గొంతు మళ్ళీ మొట్టమొదట వినిపించింది ఆ కిటికీ పక్కనే.

రావుగారు సోమవారం కారు దిగి ఆ గది ముందు నిలబడ్డారు.

"ఏమయ్యా ధనరాజూ, వైర్‌లెస్ అంటే వైర్‌లెస్సే గదా? మా ఇంట్లో పాటల పెట్టె పలకడం లేదు. చూడాలి నువ్వు."

ధనరాజు తలూపాడు.

"ఆదివారం నా షష్టిపూర్తి. మిల్లుల వాళ్ళంతా వస్తున్నారు. ఇంట్లో పాట మోగుద్దని అందరికీ చెప్పేశాను. ఇంకో సంగతి. ఇక్కడ సెల్ టవరు వేస్తామని వాళ్ళెవరో తిరుగుతున్నారు. బ్యాటరీలు పెట్టుకోడానికి కరెంటు మీటరు పక్క గది కావాలంట. అంటే ఇదే. నేనింకా ఏ మాటా చెప్పలేదు. ఆదివారానికి పాట మోగిందా, గది నీది. మోగలేదా, వాళ్ళది. ముప్పై ఏళ్ళ నుంచీ ఉంటున్నావు గదా అని అడుగుతున్నాను గానీ, లేకపోతే అడిగేవాణ్ణే కాదు."

ఎంత మర్యాద! ఎదటివాడి గొంతు మీద కాలేసి, నొప్పెడుతోందా అని వాడినే అడిగినట్టు.

"మోడెం ఎక్కడుందండి?" అన్నాడు ధనరాజు.

"ఆగ్నేయంలో. ఎక్కడుండాలో అక్కడే ఉంది."

ధనరాజు గురువారం పొద్దున్నే సంచీ భుజాన వేసుకుని బస్సెక్కి, పామర్రులో మారి, గుడివాడలో దిగాడు.

వీధి గుమ్మంలోనే సుభాషిణిగారు ఎదురయ్యారు. "నువ్వు నాలుగోవాడివి బాబూ. మొదటివాడు కొమ్ము పెట్టాడు, రెండోవాడు తోక పెట్టాడు. ఇక నువ్వు డెక్కలు పెట్టి పో, పాలైనా ఇస్తుందేమో," అన్నారు. ఆవిడ నవ్వలేదు.

సిద్ధాంతిగారు అప్పటికే వచ్చి ఉన్నారు. ఆదివారం ముహూర్తం పని అని చెప్పి ఆయన సోమవారం నుంచీ టిఫిన్ల వేళకి వస్తున్నారు. పెసరట్టు తింటున్నారు.

ధనరాజు పాటల పెట్టెని పొడుగాటి కరెంటు వైరుకి తగిలించి, చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఇల్లంతా తిరిగాడు. సిగ్నలు ఎంత ఉందో ఆ పెట్టె ముఖం మీద గీతలు చెబుతాయి. వంటింటి గుమ్మంలో నాలుగు గీతలు. భోజనాల బల్ల దగ్గర మూడు. పూజగది తలుపు దాటేసరికి ఒకటి. ఈశాన్యంలో ఆ ఒకటీ ఉందా లేదా అన్నట్టు కొట్టుకుంటోంది. రావుగారు వెనకాలే నడుస్తూ, "దిగిందా? ఎంత దిగింది?" అని, జ్వరం చూసే డాక్టర్ని అడిగినట్టు అడుగుతున్నారు.

"రోగం తెలిసిందా?"

"తెలిసిందండి."

"ఏవిటి?"

ధనరాజు సిద్ధాంతిగారి వైపు చూశాడు. సిద్ధాంతిగారు అల్లం పచ్చడి వైపు చూస్తున్నారు. వెంకటాద్రి సంగతి బస్సులోనే ఎవరో చెప్పారు. నిజం చెప్పి మంచినీళ్ళు పోగొట్టుకోవచ్చు, అది పెద్ద నష్టం కాదు. ఇక్కడ పోయేది కిటికీ.

"ఒక్కసారి బయట చూసొస్తానండి," అన్నాడు.

ఫోను స్తంభం ఇంటికి వాయువ్యం మూల ఉంది. తీగ ఆ మూలలోనే ఇంటి మీద వాలింది. కానీ లోపలికి వెళ్ళలేదు పాపం. వాయువ్యం నుంచి ఈశాన్యానికి, ఈశాన్యం నుంచి ఆగ్నేయానికి, గోడ పట్టుకుని ఇంటికి సగం ప్రదక్షిణం చేసి వంటింటి కిటికీలోంచి దూరింది. ధనరాజు వాయువ్యం కిటికీలోంచి లోపలికి తొంగిచూశాడు. అది హాలుకి పడమటి చివర. గోడకి ఒక అలమరా. అక్కణ్ణించి ఈశాన్యంలో పాటల పెట్టె చోటు దాకా హాలు ఖాళీ. అడ్డం వచ్చేది ఒక్క ఉయ్యాల బల్ల.

లోపలికొచ్చి నిలబడ్డాడు. నిలబడే ఉన్నాడు. రావుగారికి విసుగొచ్చింది.

"ఏవయ్యా, నోట్లో ముత్యాలేవన్నా ఉన్నాయా?"

ధనరాజు గొంతు సవరించుకున్నాడు. "సిద్ధాంతిగారండి. నాకు శాస్త్రం తెలవదు. ఒకటి అడగొచ్చా?"

"అడుగు."

"తీగలో పోయేది కరెంటండి. అది అగ్ని, దానిది ఆగ్నేయం. తీగలేకుండా గాల్లో పోయేది ఎవరిదండి? దానికి ఏ మూల?"

సిద్ధాంతిగారి దవడ ఆగిపోయింది. పెసరట్టు ముక్క అటూ ఇటూ కాకుండా మధ్యలో ఉండిపోయింది. ముప్పై ఏళ్ళుగా ఆయన్ని అందరూ 'ఇక్కడ పెట్టవచ్చాండీ' అని అడిగినవాళ్ళే. 'ఇది ఎవరిదండీ' అని అడిగినవాడు లేడు.

"గాల్లో పోయేదంటే... గాలి... వాయువు..."

"వాయువ్యం!" అని రావుగారు క్లాసులో మొదటిసారి జవాబు దొరికిన పిల్లాడిలా కేక పెట్టారు.

సిద్ధాంతిగారు ముక్క మింగేశారు. "నేను చెప్పబోతున్నది అదే. మొన్న చూసినప్పుడే నాకు అనుమానం. వస్తువు ఉంది, వస్తువు గుణం ఉంది. వస్తువుది అగ్ని అయినా గుణం వాయువు. గుణమే ప్రధానం. ఎవరో అడిగితే చెబుదామని ఊరుకున్నాను."

"అయితే దాని కరెంటు మాటేమిటండీ?" రావుగారికి భయం వదల్లేదు.

"గోడకి గుచ్చే ఆ నల్ల దిమ్మ ఉందే, అది అగ్ని. దాన్ని ఆ అలమరాకే ఆగ్నేయం వైపున ఉంచు. దోషం లేదు."

ఎంత బాగుంది! ఇంటికొక ఆగ్నేయం, అలమరాకొక ఆగ్నేయం. వెతికితే అగ్గిపెట్టెకి కూడా ఒకటి దొరుకుతుంది.

ధనరాజుకి అరగంట పట్టింది. గోడ చుట్టూ తిరిగిన తీగంతా ఊడబెరికి చుట్ట చుట్టాడు. స్తంభం నుంచి తిన్నగా వాయువ్యం అలమరాలోకి దించాడు. మోడెం పెట్టాడు. బూస్టరు తీసి సంచీ పక్కన పడేశాడు. నల్లదిమ్మని సిద్ధాంతిగారు వేలు పెట్టి చూపిన చోట, జానెడు ఇవతలికి, జానెడు అవతలికి జరిపించిన తర్వాత గుచ్చాడు.

ఈశాన్యంలో పాటల పెట్టె ముఖం మీద నాలుగు గీతలు నిటారుగా నిలబడ్డాయి. పాట మొదలైంది. చరణం వచ్చింది. రెండో చరణం కూడా వచ్చింది. సుభాషిణిగారు వంటింట్లోకి వెళ్ళి, గ్లాసుడు మంచినీళ్ళు ఓవెన్లో పెట్టి వేడి చేశారు. పాట ఆగలేదు. ఆ నీళ్ళు పారబోసి, ఇంకో గ్లాసు పెట్టారు. అప్పటికీ ఆగలేదు. ఆవిడ ఓవెను ముందే పీట వేసుకుని కూర్చుని, పాట అయ్యేదాకా లేవలేదు. ఆ తర్వాత ధనరాజుకి రెండు పెసరట్లు వేసి తెచ్చి, భర్త ఎదటే, "తిను నాయనా. పని ఎవరు చేశారో నా కళ్ళకి కనిపించింది," అన్నారు.

రావుగారికి మాత్రం వేరేగా కనిపించింది. ఆయన సిద్ధాంతిగారి కాళ్ళకి దణ్ణం పెట్టారు. "మీరు మామూలు మనిషి కాదండీ. బెంగుళూరు చదువులకి కూడా అందనిది కూర్చున్న చోటునుంచి చెప్పేశారు." లేచి, ధనరాజు వైపు తిరిగి, "నువ్వూ బానే బిగించావులే," అన్నారు.

ఆదివారం షష్టిపూర్తికి పాట మధ్యలో తెగకుండా పొద్దున్నుంచి మోగింది. గుణమే ప్రధానం అన్న ముక్క సిద్ధాంతిగారు పంక్తి పంక్తికీ తిరిగి చెప్పారు. మంగళవారానికి గుడివాడలో ఏడెనిమిది మోడెంలు ఆగ్నేయాలు ఖాళీ చేసి వాయువ్యాలకి కాపురం మార్చాయి. వాటిలో రెండు అంతకుముందు బాగానే పనిచేస్తూ, మార్చాక పలకడం మానేశాయిట. ఆ ఇళ్ళవాళ్ళ జాతకాలు చూడాలన్నారు సిద్ధాంతిగారు.

బుధవారం గిలకలదిండిలో కారు ఆగింది. ముందు రావుగారు దిగారు. వెనక తలుపు తీసుకుని సిద్ధాంతిగారు దిగారు. ధనరాజు లేచి నిలబడ్డాడు. అంకమ్మ గడప మీంచి లేచి కొంగు సర్దుకుంది.

"ఇచ్చిన మాట తప్పే వంశం కాదు మాది," అన్నారు రావుగారు. "గది అన్నాను, ఇస్తున్నాను. కాకపోతే ఈ గది కాదు."

ధనరాజు కళ్ళెత్తాడు.

"నీ మంచికేనయ్యా," అన్నారు సిద్ధాంతిగారు. "నీది తీగలేని పని. గాల్లో పని. గాల్లో పని చేసేవాడు ముప్పై ఏళ్ళు ఆగ్నేయంలో కూర్చున్నాడు! చూడు, ఎదుగూ బొదుగూ ఉందా? నీ నోటితో నువ్వే అడిగావు, ఎవరిదండీ అని. వాయువ్యం గదిలోకి మారు."

"బ్యాటరీలేమో అగ్ని," రావుగారు అందుకున్నారు. "వాటికి ఆగ్నేయం అతికినట్టు సరిపోద్ది. టవరు వాళ్ళకి నిన్ననే మాట ఇచ్చేశాను. ఎవరికీ నష్టం లేదు. శాస్త్రం అంటే ఇదీ!"

వాయువ్యం గది ఐసు ఫ్యాక్టరీకి వెనక ఉంది. దానికీ సముద్రానికీ మధ్య, తాటిచెట్టు ఎత్తున, ఫ్యాక్టరీ ఇనపరేకుల షెడ్డు. గది పక్కన రొయ్య తలకాయలు ఆరబోస్తారు.

"కిటికీ అండి..." అన్నాడు ధనరాజు.

"అక్కడా పెట్టిస్తాలే. రెండు పెట్టిస్తా."

"మధ్యలో రేకుల షెడ్డు ఉందండి. మాట రాదండి."

రావుగారు జాలిగా నవ్వారు. "ఇంకా నీకు అర్థం కాలేదు ధనరాజూ. దిక్కు సరిగ్గా ఉంటే రేకులేం చేస్తాయయ్యా? మా ఇంట్లో కళ్ళారా చూశావు గదా!"

కారు వెళ్ళిపోయాక అంకమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ముప్పై ఏళ్ళు నోరు మూసుకుని కూర్చున్నావు, గది ఉంది. ఒక్క రోజు, ఒకే ఒక్క రోజు, పెద్ద పండితుడిలా నోరు తెరిచావు. గది పోయింది. ఏం అడిగావయ్యా, ఎవరిదండీ అనా? ఇప్పుడు తెలిసిందా ఎవరిదో?"

ధనరాజు సంచీలో సామాను సర్దుకుంటున్నాడు.

"మాట్లాడవేం? అక్కడ గుడివాడలో బాగా వచ్చాయిగా మాటలు!"

ఆ సాయంత్రం ఐదింటికి కొత్త గదిలో సెట్టు గుయ్యిమంది. గుయ్యిమంటూనే ఉంది. రొద మధ్యలో ఎక్కడో నూతిలోంచి పిలిచినట్టు, "నా... ...న్నాం..." అని వినిపించి తెగిపోయింది. అంకమ్మ సెట్టుకి చెవి ఆనించి, "ఏమన్నాడు? బాగున్నాం అన్నాడా, రాలేకున్నాం అన్నాడా?" అంది. ధనరాజు బొత్తాం తిప్పుతూనే ఉన్నాడు. గుడివాడలో సుభాషిణిగారి పాట అదే వేళకి మూడో చరణంలో ఉండి ఉంటుంది. మర్నాడు కూడా అదే రొద. ఆ రాత్రి అంకమ్మ అన్నం కలిపి, తినకుండా కుక్కకి పెట్టింది.

శుక్రవారం తెల్లవారగానే ధనరాజు రేవులోకి వెళ్ళి నలభై అడుగుల వెదురు బొంగు ఒకటి తెచ్చాడు. కొమ్ముని దాని చివర కట్టాడు. గోడకి రెండు చోట్ల బిగించి, తెరచాప కొయ్యకి లాగినట్టు మూడు వైపులా తాళ్ళు లాగి ముళ్ళు వేశాడు. బొంగు చివర షెడ్డు రేకుల మీదుగా నాలుగడుగులు పైకి తేలింది. నాలుగో వైపు తాడు కట్టడానికి చోటు లేదు, అటు రొయ్య తలకాయల కుప్ప. గాలి వచ్చినప్పుడల్లా బొంగు ఆ పక్కకి ఒరిగి, మాట మాయమైపోయేది. అంకమ్మ ఆ తాడు చేతికి చుట్టుకుని, కుప్ప పక్కన కాళ్ళు తన్నిపెట్టి నిలబడింది.

ఐదయింది.

"నాన్నా! రెండు రోజుల్నుంచీ పిలుస్తున్నా, పలకవేంటి? సెట్లు బాగుచేసేవాడి సెట్టే చెడిందా?"

"ఊఁ," అన్నాడు ధనరాజు. ఆ ఊఁ కొంచెం వంకరగా వచ్చింది.

"రేపు పొద్దున్నే మొగలోకి వచ్చేస్తాం. పీతలున్నాయి. అమ్మని వాటి మీద చెయ్యి వెయ్యొద్దని చెప్పు, ఈసారి మనమే తిందాం."

బయట తాడు పట్టుకున్న అంకమ్మకి అంతా వినిపించింది. "నేనెప్పుడు అమ్మానంట? చచ్చినోడా, రా నువ్వు!" అని బొంగు వైపు తలెత్తి అరిచింది, వాడు బొంగు చివర కూర్చున్నట్టు. కళ్ళు తుడుచుకోడానికి చేతులు ఖాళీ లేవు, భుజానికి రుద్దుకుంది.

అప్పుడే టవరు వాళ్ళకి గది చూపించడానికి వచ్చిన రావుగారు ఈ పక్కకి వచ్చారు. సెట్టులో దుర్గాశ్రీనివాస్ గొంతు గలగలమంటోంది. రావుగారు బొంగుని చూడలేదు. తాళ్ళని చూడలేదు. తాడు పట్టుకుని నిలబడ్డ మనిషిని అసలే చూడలేదు.

"విన్నారా?" అన్నారు వెంట వచ్చినవాళ్ళతో. "మా ఫ్యాక్టరీ ఇంత, ఇనపరేకులు అడ్డం. అయినా సముద్రంలోంచి మాట ఎంత సుబ్బరంగా వస్తోందో! వాయువ్యం అంటే అదీ. ఏమయ్యా ధనరాజూ, రాదు రాదన్నావు, వచ్చిందా లేదా?"

ధనరాజు గుమ్మంలోకి వచ్చి, తలెత్తి నలభై అడుగుల బొంగుని కింది నుంచి పైదాకా చూశాడు. పెదాలు కదిలాయి. ఏదో అడగబోయాడు.

అంకమ్మ తాడుని పళ్ళతో కరిచిపట్టుకుని, ఒక్క అంగలో వచ్చి, అతని చెవి మీదున్న చుట్ట తీసి అతని నోట్లోనే పెట్టేసింది.